ఎల్కతుర్తి మాట, అక్కన్నపేట తూటా

2020 ఫిబ్రవరిలో అక్కన్నపేటలో తుపాకి పేలింది. రెండిండ్ల మధ్య గోడ తగాదా. మన ఊళ్లలో ఇలాంటి తగాదాలు కొత్త కాదు. మాటలతో మొదలై పెద్దమనుషుల పంచాయితీలో ముగుస్తాయి. ఎక్కువైతే కట్టెలు లేస్తాయి. ఆ రోజు మాత్రం ఒక మనిషి ఇంట్లోంచి ఏకే 47 తెచ్చి పొరుగింటి మీదికి కాల్చాడు. అదృష్టం, ఎవరి ప్రాణమూ పోలేదు. తెల్లారి మండలమంతా ఒకటే ప్రశ్న: అడవిలో ఉండే తుపాకి ఊరి వాడకట్టులోకి ఎట్లా వచ్చింది?

అది అడవి నుంచి రాలేదు. హుస్నాబాద్ పోలీస్ స్టేషన్ నుంచి కొన్నేళ్ల కిందటే మాయమైన తుపాకి అని పోలీసులే చెప్పారు. దానితోపాటు ఒక కార్బైన్ కూడా పోయిందన్నారు. అంటే మన భద్రత కోసం ప్రభుత్వం కొన్న తుపాకి ఏళ్లకేళ్లు లెక్క లేకుండా ఊరిలోనే ఉంది. పేలినప్పుడు గానీ అది ఎక్కడుందో తెలియలేదు. కాల్చిన మనిషిని పట్టుకున్నారు, కేసు పెట్టారు. పత్రికలు నాలుగు రోజులు రాశాయి. తర్వాత అందరం మరిచిపోయాం.

మేము మాత్రం ఆ తూటాను మరిచిపోలేకపోతున్నాం. ఎందుకంటే తుపాకి గురించి ఏ నాయకుడు ఏం మాట్లాడినా ఇప్పుడు మాకు వెంటనే తోచే ప్రశ్న అదే: లెక్క ఎక్కడ? ఈ వ్యాసంలో మేము చేయబోయేది ఒక్కటే పని. మన ప్రాంతంలో, మన ఓట్ల మధ్య నిలబడి ప్రజాప్రతినిధులు తుపాకుల గురించి, ప్రజల భద్రత గురించి చెప్పిన మాటలను ఆ ప్రశ్న ముందు పెట్టి చూడటం.

మొదటి మాట ఎల్కతుర్తిది. 2025 ఏప్రిల్ 27న బీఆర్ఎస్ పార్టీ తన ఇరవై ఐదేళ్ల పండుగ సభను అక్కడ జరిపింది. ఎల్కతుర్తి జిల్లా ప్రకారం హనుమకొండలో ఉన్నా, శాసనసభ లెక్కలో మన హుస్నాబాద్ నియోజకవర్గమే. మన తండాల నుంచి కూడా పిల్లలు బండ్లెక్కి పోయారు. ఆ సభలో గజ్వేల్ ఎమ్మెల్యే, ప్రతిపక్ష నాయకుడు కె. చంద్రశేఖర్ రావు గారు ఆపరేషన్ కగార్ గురించి మాట్లాడారు. ఛత్తీస్‌గఢ్‌లో ఆదివాసులను, యువకులను చంపుకుంటూ పోవడం ఆపాలన్నారు. మావోయిస్టులు చర్చలకు సిద్ధమంటున్నప్పుడు కేంద్రం వాళ్లను పిలిచి మాట్లాడాలన్నారు. బలం ఉంది కదా అని చంపుకుంటూ పోతే అది ప్రజాస్వామ్యం అనిపించుకోదన్న అర్థం వచ్చేలా చెప్పారు. జనాన్ని అడిగి చేతులెత్తించారు.

ఆ మాట మంచి మాట. అది మేము ముందే ఒప్పుకుంటున్నాం. లక్షల ఓట్లు అడిగే నాయకుడు, అంత పెద్ద వేదిక మీద, ఆదివాసుల చావు గురించి మాట్లాడటం చిన్న సంగతి కాదు. అప్పటికి కర్రెగుట్టల చుట్టూ వేల మంది బలగాలు మోహరించి ఉన్నాయి. ఆ గుట్టలు మన ములుగు జిల్లా సరిహద్దులోనే ఉన్నాయి. అంత దగ్గరలో జరుగుతున్నదాని మీద నోరు విప్పని నాయకులు ఎందరో ఉన్నారు. విప్పినవారిని మెచ్చుకోవాలి.

కానీ విమర్శ అంటే మెచ్చుకుని ఇంటికి పోవడం కాదు. మాట చెప్పిన మనిషి కుర్చీలో ఉన్నప్పుడు ఏం చేశారో కూడా చూడాలి. ఉద్యమకాలంలో నక్సలైట్ల ఎజెండాయే మా ఎజెండా అన్న మాట మన పెద్దలందరికీ గుర్తుంది. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఆ మాట అన్నవారే ముఖ్యమంత్రి అయ్యారు. ఏడాది తిరక్కుండానే, 2015 ఏప్రిల్ 7న, ఆలేరు దగ్గర పోలీసు వాహనంలో కోర్టుకు తీసుకుపోతున్న ఐదుగురు విచారణ ఖైదీలు పోలీసుల కాల్పుల్లో చనిపోయారు. చేతులకు బేడీలు ఉన్న ఫొటోలు మనమంతా చూశాం. అదే ఏడాది సెప్టెంబరులో తాడ్వాయి అడవుల్లో ఒక యువతి, ఒక యువకుడు చనిపోయారు. ఎదురుకాల్పులన్నారు పోలీసులు. చిత్రహింసలు పెట్టి చంపారన్నారు కుటుంబసభ్యులు, హక్కుల సంఘాలు. అప్పుడు చర్చలు, ప్రజాస్వామ్యం అన్న మాటలు ఆ కుర్చీ నుంచి మాకు వినిపించలేదు.

2022 ఆగస్టులో అదే తాడ్వాయి పోలీస్ స్టేషన్‌లో 152 మంది మీద ఊపా చట్టం కింద కేసు నమోదైంది. అందులో ప్రొఫెసర్ హరగోపాల్ పేరు కూడా ఉందని జనానికి తెలిసింది మరుసటి ఏడాది జూన్‌లో. గొడవ అయ్యాక ఆ కేసు ఎత్తివేయమని ముఖ్యమంత్రి ఆదేశించారు. మంచిదే. కానీ పది నెలలు ఆ కాగితం ఎక్కడుంది? హుస్నాబాద్ స్టేషన్ తుపాకి లాగే, తాడ్వాయి స్టేషన్ కేసు కూడా బయటపడే దాకా ఎవరి లెక్కలోనూ లేదు.

ఇక్కడ ఒక్క పార్టీని నిలదీసి మరో పార్టీని వదిలేస్తే మేము కూడా వేదిక మనుషులమే అవుతాం. కాబట్టి రెండో మాటకు వద్దాం.

హుస్నాబాద్ పార్లమెంటు లెక్కలో కరీంనగర్ సీటు కింద ఉంది. మన ఎంపీ బండి సంజయ్ కుమార్ గారు కేంద్ర హోంశాఖ సహాయమంత్రి కూడా. అంటే దేశంలో తుపాకుల మీద నిర్ణయం తీసుకునే శాఖలో మన ఓటుతో గెలిచిన మనిషి ఉన్నారు. ఎల్కతుర్తి సభ జరిగిన రోజుల్లోనే ఆయన వైపు జవాబు కూడా వచ్చింది. తుపాకి పట్టుకున్నవాళ్లతో చర్చలు ఉండవు, ముందు తుపాకి దించాలి అన్నది ఆయన వాదన. మావోయిస్టులు ఎంతోమంది అమాయకులను, నాయకులను చంపారని గుర్తుచేశారు. హోంమంత్రి అమిత్ షా గారు 2026 మార్చి 31ని గడువుగా ప్రకటించి ఉన్నారు.

ఈ వాదనలో ఉన్న నిజాన్ని కూడా మనం దాచకూడదు. 1999 ఏప్రిల్‌లో మాజీ స్పీకర్ శ్రీపాదరావు గారిని చంపింది తుపాకే. 2005 ఆగస్టు 15న, జెండా పండుగ నాడు, నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే నర్సిరెడ్డి గారిని, ఆయన కొడుకును, మరికొందరిని చంపింది తుపాకే. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగూడ మండలం లివిటిపుట్టు దగ్గర అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను ఆపి చంపారు. ఆ ఇద్దరూ గిరిజన నాయకులు. 2024 నవంబరులో వాజేడు మండలంలో ఒక పంచాయతీ కార్యదర్శిని, అతని సోదరుడిని ఇన్ఫార్మర్లని చెప్పి చంపారు. వాళ్లూ ఆదివాసులే. చదువుకుని, పరీక్ష రాసి, సొంత మనుషుల మధ్య ఉద్యోగం చేస్తున్న ఆదివాసీ యువకుడు. ఈ పుస్తకం చదువుతున్న మీలాంటివాడే. అతని తరఫున మాట్లాడకుండా ఆదివాసుల తరఫున మాట్లాడుతున్నామని చెప్పుకోలేం.

అయినా మన ఎంపీ గారి మాటలో ఒక పెద్ద ఖాళీ ఉంది. తుపాకి పట్టుకున్నవాళ్ల సంగతి చెప్పారు. తుపాకి పట్టుకోనివాళ్ల సంగతి చెప్పలేదు. 2024 జనవరి 1న బీజాపూర్ జిల్లా ముత్వెండిలో తల్లి ఒడిలో ఉన్న ఆరు నెలల పాప తూటా తగిలి చనిపోయింది. తూటా తల్లి చేతికి కూడా తగిలింది. ఎదురుకాల్పుల మధ్య చిక్కుకుందన్నారు. ఆ పాప ఏ తుపాకి దించాలి? 2025 జనవరిలో అదే జిల్లాలో మందుపాతర పేలి ఎనిమిది మంది డీఆర్‌జీ జవాన్లు, వాళ్ల బండి డ్రైవర్ చనిపోయారు. డీఆర్‌జీలో ఎక్కువమంది స్థానిక ఆదివాసీ యువకులే. మందుపాతర పెట్టినవాళ్లలోనూ, దాని మీదుగా పోయినవాళ్లలోనూ ఆదివాసులే ఉంటారు. శవాలను మోసే ఊరూ ఆదివాసీ ఊరే. గడువు తేదీ పెట్టినవాళ్లు ఈ చావులకు ఏ తేదీన లెక్క చెబుతారు?

మూడో మాట మనకు కష్టమైన మాట. ఎందుకంటే అది మన మనిషి మాట.

ములుగు ఎమ్మెల్యే, రాష్ట్ర మంత్రి సీతక్క. కోయ బిడ్డ. చిన్న వయసులోనే జనశక్తిలోకి పోయి తుపాకి పట్టింది. తర్వాత తుపాకి దించి, చదువుకుని వకీలు అయింది. 2009లో మొదటిసారి గెలిచింది. 2018లో, 2023లో మళ్లీ గెలిచింది. గుత్తికోయల వెలివేత జీవితం మీద పరిశోధన చేసి 2022లో ఉస్మానియా నుంచి డాక్టరేట్ తీసుకుంది. మన తండా పిల్లలకు, గూడెం పిల్లలకు చెప్పుకోవడానికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు. తుపాకి గురించి మాట్లాడే హక్కు ఆ చట్టసభలో ఎవరికన్నా ఆమెకు ఎక్కువ ఉంది. తుపాకి రెండు కొసలూ చూసిన మనిషి. 2025 వేసవిలో ఆమె కూడా కగార్ ఆపాలని, శాంతి కావాలని అన్నారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారు కూడా శాంతి చర్చల కమిటీ వాళ్లతో మాట్లాడుతూ, నక్సల్ సమస్యను తాము సామాజిక కోణంలో చూస్తాం గానీ శాంతిభద్రతల సమస్యగా మాత్రమే చూడమని చెప్పారు.

అయితే 2024 డిసెంబరు 1న ఏటూరునాగారం మండలం చల్పాక అడవిలో ఏడుగురు మావోయిస్టులు చనిపోయారు. అప్పుడు కుర్చీలో ఉన్నది ఈ ప్రభుత్వమే. అన్నంలో మత్తుమందు కలిపి చంపారన్న ఆరోపణ వచ్చింది. పోలీసులు కాదన్నారు. విషయం హైకోర్టుకు పోయింది. సామాజిక కోణం అన్న మాట చల్పాకకు కూడా వర్తిస్తుందా, లేక ఛత్తీస్‌గఢ్‌కేనా? మేము సీతక్కను తప్పుపట్టడానికి ఈ ప్రశ్న వేయడం లేదు. మన మనిషి కాబట్టే అడుగుతున్నాం. పరాయి మనిషిని నిలదీసినంత గట్టిగా మన మనిషిని అడగలేకపోతే, మన విమర్శ కులం చూసుకునే విమర్శ అవుతుంది.

మూడు మాటలనూ పక్కపక్కన పెడితే ఒక సంగతి తెలుస్తుంది. చంపడం ఆపాలన్న మాట ఎక్కువగా, తుపాకి ఎదుటివాడి చేతిలో ఉన్నప్పుడు వస్తున్నది. రాష్ట్రంలో ఉన్నవారు కేంద్రాన్ని ఆపమంటారు. ప్రతిపక్షంలో ఉన్నవారు ప్రభుత్వాన్ని ఆపమంటారు. కేంద్రంలో ఉన్నవారు అడవిలోని వాళ్లను ఆపమంటారు. అడవిలోని వాళ్లు ప్రభుత్వాన్ని ఆపమంటారు. నా తుపాకి లెక్క ఇదిగో అని ముందుగా చెప్పినవారు ఒక్కరూ లేరు.

ఇంకో సంగతి భాషది. మేము రాసేవాళ్లం కాబట్టి మాటల మీద మా కన్ను పడుతుంది. 'ఏరివేత' అన్న మాట చూడండి. అది వ్యవసాయం చేసేవాళ్ల మాట. బియ్యంలో రాళ్లు ఏరుతాం, చేనులో కలుపు ఏరుతాం. ఆ మాటను మనుషులకు వాడితే మనుషులు రాళ్లవుతారు, కలుపవుతారు. 'ఎదురుకాల్పులు' అన్న మాట విచారణకు ముందే తీర్పు చెప్పేస్తుంది. 'కగార్' అంటే హిందీలో అంచు. ఎవరిని అంచుకు నెడుతున్నారో ఆ పేరే చెబుతున్నది. అటువైపు భాష కూడా తక్కువది కాదు. 'ఇన్ఫార్మర్' అన్న ఒక్క ముద్ర వేస్తే సాక్ష్యం అక్కరలేదు. 'ప్రజాకోర్టు' అంటారు గానీ అందులో ముద్దాయికి వకీలు ఉండడు, అప్పీలు ఉండదు. ఇక ప్రతి సభలో వినిపించే 'శాంతిభద్రతలు'. ఎవరి శాంతి, ఎవరి భద్రత అని అడిగితే ఆ మాట నోరు విప్పదు. క్లాసులో టీచర్లు ఈ మాటలను బోర్డు మీద రాసి, ఒక్కోదాన్ని పిల్లలతో విప్పించవచ్చు. భాష పాఠం అదే అవుతుంది, పౌరశాస్త్రం అదే అవుతుంది.

మాటల సంగతి వచ్చింది కాబట్టి మన చప్పట్ల సంగతి కూడా చెప్పుకోవాలి. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర 'దిశ' కేసు నిందితులు నలుగురిని పోలీసులు కాల్చి చంపారు. ఆడబిడ్డ మీద జరిగిన ఘోరానికి అందరి రక్తం ఉడికింది, నిజమే. జనం పోలీసుల మీద పూలు చల్లారు. పక్క రాష్ట్రం అసెంబ్లీలో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి గారు ఇక్కడి ముఖ్యమంత్రిని, పోలీసులను మెచ్చుకున్నారు. చట్టం చేసే సభలోనే, కోర్టు లేని శిక్షకు మెప్పు దొరికింది. 2022లో సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక బయటికి వచ్చింది. ఆ ఎదురుకాల్పుల కథ నమ్మదగింది కాదని, కాల్చిన పోలీసుల మీద హత్య కేసు నడపాలని అది చెప్పింది. చనిపోయినవారిలో ముగ్గురు మైనర్లన్నది కూడా ఆ నివేదికే. ఆ రోజు వాట్సాప్‌లో చప్పట్ల బొమ్మ పంపినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. మేమూ ఉన్నాం. అందుకే ఎమ్మెల్యేలను విమర్శించే ముందు మా చేతులు మేము చూసుకున్నాం.

ఈ వ్యాసం గురించి మాలో మేము మాట్లాడుకుంటున్నప్పుడు డిగ్రీ చదివే ఒక తమ్ముడు అడిగాడు. "సారూ, చచ్చేది ఛత్తీస్‌గఢ్‌ల కోయోళ్లు. మనం లంబాడోళ్లం. మనకూ వాళ్లకూ రిజర్వేషన్ల మీద లొల్లి ఉండనే ఉంది. మనకెందుకు ఈ ముచ్చట?" అతను చెడ్డ పిల్లవాడు కాదు. చాలామంది మనసులో ఉన్న మాటే పైకి అన్నాడు. దానికి జవాబు చెప్పకుండా ముందుకు పోకూడదు.

మొదటి జవాబు మన నేలది. 1948 మార్చి 14న ఈ హుస్నాబాద్ పక్కనే మహ్మదాపూర్ గుట్టల దగ్గర అనభేరి ప్రభాకర్ రావు, సింగిరెడ్డి భూపతిరెడ్డి, వారి తోటివారు నిజాం బలగాల కాల్పుల్లో చనిపోయారు. ఏటా మార్చి 14న వాళ్లను తలుచుకుంటాం. 1990లో ఈ పట్నంలోనే చాలా ఎత్తైన అమరుల స్తూపం కట్టారు. తర్వాత అది నేలమట్టమైంది. స్తూపం కట్టిన చేతులనూ, కూల్చిన చేతులనూ చూసిన ఊరు ఇది. తుపాకి ముచ్చట మనది కాదనే వీలు హుస్నాబాద్‌కు లేదు.

రెండో జవాబు ఇంద్రవెల్లిది. 1981 ఏప్రిల్ 20న భూమి అడగడానికి వచ్చిన గోండుల మీద కాల్పులు జరిగాయి. ప్రభుత్వం 13 మంది చనిపోయారంది. అరవై మందికి పైనే అని హక్కుల సంఘాలు అన్నాయి. నలభై ఏళ్లు దాటినా చనిపోయినవారి సంఖ్య మీదనే ఒప్పుదల లేదు. కాల్చినవాళ్లు ఆ రోజు కులం సర్టిఫికెట్ చూసి కాల్చలేదు.

మూడో జవాబు మన పక్క ఊరిది. గౌరవెల్లి రిజర్వాయర్ కింద భూములు, ఇండ్లు పోయినవాళ్లలో గుడాటిపల్లి రైతులతోపాటు మన తండాలవాళ్లూ ఉన్నారు. 2022 జూన్‌లో పరిహారం పూర్తిగా ఇచ్చేదాకా కదలమని నిలబడితే లాఠీచార్జి జరిగింది. అక్కడ తుపాకి పేలలేదు. కానీ ఆ రాత్రి గుడాటిపల్లిలో ఉన్న ముసలమ్మను అడగండి, ప్రజాభద్రత అంటే ఏమిటని. కోయ గూడెంలో ఈ రోజు అడగకుండా వదిలేసిన ప్రశ్న రేపు మన తండాలో అడగడానికి మనిషి దొరకడు. రిజర్వేషన్ల లొల్లి కోర్టులో, కమిషన్ ముందు తేలాల్సిన విషయం. చావు లెక్క దానికోసం ఆగకూడదు.

మరి ఎమ్మెల్యే ఏం చేయగలరు, తుపాకి ఆయన చేతిలో లేదు కదా అంటారు కొందరు. చేయగలిగింది చాలా ఉంది. రాజ్యాంగంలోని ఐదో షెడ్యూల్ ప్రకారం గిరిజన సలహా మండలి ఉంటుంది. ఇరవై మందికి మించని ఆ మండలిలో దాదాపు నాలుగింట మూడు వంతులు గిరిజన ఎమ్మెల్యేలే ఉండాలి. మన శాసనసభలో 119 సీట్లలో 12 ఎస్టీ సీట్లు. ఆ పన్నెండుగురూ పార్టీలు పక్కనపెట్టి ఒక్కరోజు కూర్చుని, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో జరిగిన ప్రతి చావు మీద నివేదిక అడిగితే ఎవరు కాదంటారు? ప్రశ్నోత్తరాల సమయం ఉంది. తీర్మానం పెట్టే హక్కు ఉంది. ఎల్కతుర్తిలో జనంతో ఎత్తించిన చేతులను అసెంబ్లీలో ఎమ్మెల్యేలతో ఎత్తించవచ్చు. ఆ చేతులకే చట్టం దగ్గర విలువ.

కోర్టులు దారి కూడా చూపాయి. ఎన్‌కౌంటర్ చావు జరిగితే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాల్సిందేనని, ఆత్మరక్షణ అన్నది కోర్టులో రుజువు చేసుకోవాలని 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. ఆ తీర్పు అమలు కాకుండా సుప్రీంకోర్టులో నిలిచిపోయింది. తర్వాత 2014 సెప్టెంబరులో పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టే పదహారు నిబంధనలు పెట్టింది. ఎఫ్‌ఐఆర్ ఉండాలి. దర్యాప్తు సీఐడీ గానీ వేరే స్టేషన్ పోలీసులు గానీ చేయాలి. మేజిస్ట్రేట్ విచారణ జరగాలి. కాల్చిన ఆయుధాలను పరీక్షకు అప్పగించాలి. ఘటన జరిగిన వెంటనే ప్రమోషన్లు, శౌర్య బహుమతులు ఇవ్వకూడదు. ఇవి హక్కుల సంఘాల కోరికలు కావు, దేశంలో అమల్లో ఉండాల్సిన చట్టం. తుపాకి గురించి మాట్లాడే ఏ ఎమ్మెల్యే అయినా ఈ పదహారింటిలో మన జిల్లాలో ఎన్ని అమలవుతున్నాయో చెప్పగలగాలి.

చర్చలు జరగవు అనేవారికి కూడా మన రాష్ట్రమే జవాబు. ఎస్.ఆర్. శంకరన్ గారు ఐఏఎస్ అధికారి. 1987లో గుర్తేడు దగ్గర నక్సలైట్లు ఆయనను, తోటి అధికారులను ఎత్తుకుపోయారు. అయినా ఆయన పగ పెంచుకోలేదు. పదేళ్ల తర్వాత పౌరస్పందన వేదికలో ఉండి రెండు వైపులా ప్రశ్నించారు, రెండు వైపులా నడిచారు. ఆ ప్రయత్నాల ఫలితమే 2004 అక్టోబరు చర్చలు. అప్పటి హోంమంత్రి కె. జానారెడ్డి గారు ప్రభుత్వం వైపు కూర్చున్నారు. నాలుగు రోజులు మాట్లాడుకున్నారు. దళాలు ఆయుధాలతో ఊళ్లలోకి రావచ్చా అన్నదాని దగ్గరే ముడి పడింది. 2005 జనవరికి అంతా చెదిరిపోయింది. ఆగస్టులో నర్సిరెడ్డి గారి హత్య, రెండు రోజులకే మళ్లీ నిషేధం. చర్చలు ఓడిపోయాయని చెప్పేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. చర్చల ముందు కాల్పుల విరమణ ఉన్న ఆ కొన్ని నెలల్లో అడవి ఊళ్లలో చావులు తగ్గాయి. ఆ రోజుల్లో జనం పొద్దుగూకినాక కూడా బయట కూర్చుని మాట్లాడుకున్నారని పెద్దలు చెబుతారు. ప్రజాభద్రతకు ఇంతకన్నా మంచి నిర్వచనం మాకు ఏ పుస్తకంలోనూ కనిపించలేదు.

కాబట్టి యువకులకు, టీచర్లకు మా మనవి. రేపు ఏ ఎమ్మెల్యే, ఏ ఎంపీ మన తండాకు వచ్చి తుపాకి గురించి మాట్లాడినా చప్పట్లు కొట్టే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. మీరు కుర్చీలో ఉన్నప్పుడు జరిగిన చావుల మీద ఏం చేశారు? మీకు నచ్చనివాళ్ల చేతిలో చనిపోయినవారి గురించే కాక, మీవాళ్ల చేతిలో చనిపోయినవారి గురించి కూడా మాట్లాడతారా? ఈ మాట వేదిక మీద కాక సభలో ఎప్పుడు చెబుతారు? మన స్టేషన్లో ఎన్ని తుపాకులు ఉన్నాయి, అన్నీ ఉన్నాయా?

నాలుగో ప్రశ్న విని నవ్వకండి. అడగాల్సిన ప్రశ్నల్లో అన్నిటికన్నా చిన్నది అదే, జవాబు చెప్పడానికి అన్నిటికన్నా సులువైనదీ అదే. బీరువా తాళం తీసి, రిజిస్టర్ పట్టుకుని, ఒకటి రెండు అని లెక్కపెడితే చాలు. ఆ చిన్న లెక్క చూసుకోనందుకే అక్కన్నపేటలో ఒక గోడ తగాదాకు ఏకే 47 వచ్చింది. సొంత స్టేషన్ తుపాకుల లెక్క తప్పిన చోట, అడవిలో చావుల లెక్క మా దగ్గర పక్కాగా ఉందంటే ఎట్లా నమ్మాలి? ఆ రోజు తూటా ఎవరికీ తగలలేదు. ప్రతిసారీ అదృష్టం మన పక్కన ఉండదు. లెక్క అడగడం ఒక్కటే మన చేతిలో ఉంది. అడుగుదాం.